పచ్చకారు ఫిల్టరు మూత

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను రెండో తరగతి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా ఏలూరుకు బదిలీ చేశారు. ఉత్తర్వులో హోదా అది. జనం నోట్లో మాత్రం మా అందరికీ ఒకటే పేరు, బ్రేకిన్‌స్పెక్టరు. మేము చూసేది బ్రేకులొక్కటేనని వాళ్ళ నమ్మకం. నిజానికి బస్సులకూ లారీలకూ ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఇవ్వడం, లైసెన్సు కోరేవాళ్ళకు పరీక్ష పెట్టడం, పోలీసులు అడిగినప్పుడు బండిని విప్పి చూసి తప్పు యంత్రానిదా మనిషిదా అని రాసివ్వడం, ఇవన్నీ మా పనే. ఆ చివరిదాన్ని ఆఫీసులో ‘అభిప్రాయం’ అనేవాళ్ళం. పేరుకు అభిప్రాయమే గాని దాని మీద మనుషులు జైలుకు వెళ్ళేవారు.

నేను పుట్టుకతో అనుమానం మనిషిని కాను. ఉద్యోగం అలా చేసింది. ఫిట్‌నెస్ కోసం వచ్చే బస్సులు పక్క బస్సు టైర్లు అరువు తెచ్చుకుని తొడుక్కుని వచ్చేవి. సర్టిఫికెట్టు చేతిలో పడ్డాక దెందులూరు దాటకముందే ఆ టైర్లు సొంతదారు దగ్గరికి తిరిగి చేరేవి. అలాంటివి చూసీ చూసీ, ఎవరైనా నమస్కారమండీ అంటే ఆ నమస్కారం వెనక ఏముందా అని వెతికే స్థితికి వచ్చాను. ఉప్మాలో ఉప్పు సరిపోయిందా అని మా ఆవిడ అడిగినా, ఎందుకడుగుతున్నావు అనేవాణ్ణి.

ఆ వేసవిలోనే తాడేపల్లిగూడెం సబిన్‌స్పెక్టరు దగ్గర నుంచి ఒక కోరిక వచ్చింది. అక్కడి రైసుమిల్లు యజమాని వీర్రాజుగారు తన కారు డ్రైవరు ఏడుకొండలు మీద ఫిర్యాదు ఇచ్చారు. కారులో పోసిన మంచి ఆయిలు దించి అమ్ముకుని, బదులు లారీల్లోంచి తీసిన మాడిన నూనె పోశాడనీ, దాంతో ఇంజను చెడిపోయిందనీ ఆరోపణ. డ్రైవరును ఇంకా అరెస్టు చెయ్యలేదు. రోజూ పొద్దున్నే స్టేషనుకు వచ్చి సాయంత్రం దాకా వరండాలో కూర్చోమన్నారు. లైసెన్సు తీసుకుని ఉంచారు. నేను ఇంజను చూసి అభిప్రాయం రాస్తే కేసు పెట్టేదీ లేనిదీ తేలుస్తారట.

ఆ కారును నేను అంతకుముందే రోడ్డు మీద చూశాను. జిల్లాలో దాన్ని చూడనివాళ్ళు తక్కువ. ఎనిమిది సిలిండర్ల అమెరికా బండి. సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరసల్లో, ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా ఏటవాలుగా ఉంటాయి. చిలకపచ్చ రంగు. మద్రాసులో ఎవరో దొర వాడి అమ్మేస్తే వీర్రాజుగారు కొన్నారు. మన చిన్న ఇంగ్లీషు కార్లు ఆయాసపడే చోట ఇది దుమ్ము లేపుకుంటూ పోయేది. భీమడోలు దగ్గర మెయిలు బండితో పందెం వేసి గెలిచిందని చెప్పుకునేవారు. రైలు డ్రైవరుకు ఆ పందెం సంగతి తెలుసో తెలియదో నాకు అనుమానమే.

ఏలూరులో పాసింజరు ఎక్కి గూడెంలో దిగేసరికి, రైలు స్టేషను బయట వీర్రాజుగారి గుర్రబ్బండి సిద్ధంగా ఉంది. ఫిర్యాదుదారు బండెక్కితే అభిప్రాయం సగం రాసేసినట్టేనని మా పై అధికారి ఒకాయన చెప్పేవాడు. అందుకని నేను ఎక్కలేదు. నా సామాన్ల సంచి మాత్రం మోయలేని బరువు. కూలీ దొరకలేదు. సంచిని బండిలో పెట్టించి, దాని వెనకే ఎండలో నడిచాను. ఎంతో నిజాయితీగా ప్రవర్తించానని అప్పుడు నాకు తృప్తిగానే ఉంది.

మిల్లు ఆవరణలో ధాన్యం కొట్టు పక్కన రేకుల షెడ్డులో ఉంది కారు. మొదట నా కంటపడింది దాని రంగు కాదు, గొలుసు. బానెట్టు మీదుగా, ముందున్న కడ్డీకి చుట్టి ఇనుప గొలుసు బిగించి తాళం వేసి ఉంది. వీర్రాజుగారు యాభై దాటిన మనిషి. కాటాదారుగా చేరి మిల్లు యజమాని అయినవాడు. పంచె కాస్త పక్కకు జరిపి, మొలతాడుకు కట్టిన తాళంచెవి విప్పి, నా ముందే గొలుసు తీశారు.

“ఈ బండి ఆయిలు పని అంతా నా కళ్ళముందే జరుగుతుందండీ ఇన్‌స్పెక్టరు గారూ. డబ్బా సీలు నేనే విప్పుతాను. పోసేదాకా పక్కనే నిలబడతాను. బానెట్టు తాళం నా మొలతాడు దాటి వెళ్ళదు. మరి అయినా ఇంజను పోయిందంటే, కింద నుంచి దించాడన్నమాటే గదండీ,” అన్నారు.

మాటలో తప్పేమీ లేదు. ఆయిలు దించే బిరడా ఇంజను అడుగున ఉంటుంది. దానికి బానెట్టు తాళంతో పనిలేదు. పైగా డ్రైవరు భీమడోలు రైలు గేటు దగ్గర కారాపి, గొలుసు సందులోంచి బానెట్టు కిందికి చెయ్యి పెట్టి ఏదో చేస్తుండగా మిల్లు గుమాస్తా చూశాడట. ఆ మాట తెలిసిన శనివారమే, కూలీలంతా జీతాలకు గుమిగూడి ఉండగా, మిల్లు నడిబొడ్డున నిలబెట్టి దొంగా అన్నానని వీర్రాజుగారు స్వయంగా చెప్పారు. చెప్పడంలో కొంత సంతోషం కూడా ఉంది.

కానిస్టేబులు ఏడుకొండల్ని తీసుకొచ్చాడు. కొల్లేటి లంక మనిషి. కొల్లేటి మధ్య దిబ్బల మీది ఊళ్ళను లంకలంటారు. అన్నదమ్ములు చేపలు పడతారు. ఇతను మాత్రం యుద్ధం రోజుల్లో మిలటరీలో చేరి జీపులూ ట్రక్కులూ నడిపి వచ్చాడు. నల్లటి, గట్టి మనిషి. కళ్ళలోకి చూడకుండా నా భుజం మీదుగా చూస్తూ మాట్లాడేవాడు. నాకు అలాంటివాళ్ళంటే మొదటినుంచీ పడదు.

అతనికి పోయేది ఉద్యోగమొక్కటే కాదని కానిస్టేబులు చెబితే తెలిసింది. వాళ్ళ లంకలో చేపల చెరువు ఊరుమ్మడిది, ఇంటికింత అని వాటా. దొంగతనం మాట తేలేదాకా ఏడుకొండలు వాటా ఆపేశారు పెద్దలు. కేసు పడితే వాటా శాశ్వతంగా పోతుంది, లైసెన్సూ పోతుంది. నేల మీదా నీళ్ళ మీదా బతుకుతెరువు లేకుండా పోతుందన్నమాట.

భీమడోలు గేటు దగ్గర ఏం చేశావని అడిగాను. చెయ్యి పెట్టలేదండి అన్నాడు. అసలు బానెట్టు ముట్టుకోలేదన్నాడు. కుడి ముంజేతి మీద, మోచేతికి కొంచెం కింద, కాలిన మచ్చ కనబడుతూనే ఉంది. వేడి ఇంజనుకు తగిలితే పడే మచ్చ అది. మా వృత్తిలో అందరికీ ఉంటుంది. అదేమిటంటే వంటింట్లో కాలిందండి అన్నాడు. సరే, ఒక అబద్ధం దొరికింది అనుకున్నాను. ఈలోగా వెనక సీటు ఎత్తి చూసిన కానిస్టేబులు ఖాకీ గుడ్డలో చుట్టిన పానాల కట్ట పైకి తీశాడు. వీర్రాజుగారి ముఖం వెలిగిపోయింది.

“చూశారా అండీ. నా కారులో నాకు తెలీకుండా పానాలు దాచాడు. దేనికంటారు?”

ఏడుకొండలు, అవి నావండి, మిలటరీ జీపువి అని మాత్రం అన్నాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నాకు అక్కడ పొగ బాగానే కనిపిస్తోంది. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన అభిప్రాయంలో మొదటి వాక్యం నా మనసులో తయారవుతోంది.

అయితే మా పనికి ఒక వరస ఉంది. మనిషి సంగతి తర్వాత, ముందు యంత్రం. ఇంజను తిప్పించి విన్నాను. అడుగునుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు. బేరింగులు అరిగాయి. నూనె సరిగా అందకపోతే జరిగేది అదే. కొలబద్ద లాగి చూస్తే ఆయిలు చిక్కగా, కాటుకలా నల్లగా ఉంది. వీర్రాజుగారు అదిగో అన్నారు. కానీ నల్లబడటం ఆయిలు లక్షణం. కొత్తది పోసినా నాలుగు రోజులు నడిస్తే నల్లబడుతుంది. అది మాడిన నూనా మంచి నూనా అని రంగు చూసి చెప్పేవాణ్ణి నేను నమ్మను. ఇంజనులోంచి ఏమేం వెళ్ళిందో నిజంగా తెలియాలంటే ఆయిలు ఫిల్టరు విప్పాలి.

చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆ కాలపు కార్లలో ఫిల్టరంటే చిన్న పాలచెంబంత ఇనప డబ్బా. లోపల నూలు పీచూ కాగితమూ దట్టించిన గుండ్రటి పొట్లం ఉంటుంది. ఇంజనులో తిరిగే నూనెలో కొంత భాగం ఈ పొట్లంలోంచి వడపోసుకుని కింది తొట్టిలోకి దిగుతుంది. మురికి అందులో ఉండిపోతుంది. లారీల మాడిన నూనె పోసి ఉంటే ఆ లారీల ఇత్తడి రజనూ, ఇసకా అందులో దొరకాలి. పొట్లం నిండాక పారేసి కొత్తది వెయ్యాలి. డబ్బా మూతకు నడిమధ్యన ఒకే ఒక్క బోల్టు. చెప్పడానికి ఇంత తేలిక.

ఆ బండిలో ఫిల్టరు ఇంజను వెనక చివర, డ్రైవరు కాళ్ళ ముందుండే ఇనప గోడకు ఆనుకుని ఉంది. పైన గాలి వడపోసే డబ్బా, పక్కన పొగ గొట్టం. చెయ్యి దూరితే కన్ను దూరదు, కన్ను పెడితే చెయ్యికి చోటుండదు. గాలి డబ్బా విప్పించి, అద్దం ముక్క పెట్టి చూస్తే బోల్టు తల కనిపించింది. ఆరు మూలలుండవలసిన తల దాదాపు గుండ్రంగా అరిగిపోయి ఉంది. పైగా ఉలి గాట్లు. ఆ మూతతో ఎవరో చాలాసార్లు కుస్తీ పట్టారు.

వీర్రాజుగారు వంగి అద్దంలో చూసి, అందుకే పానాలు దాచాడండీ అన్నారు. నాకూ అదే తోచింది. అందరికీ ఒకేసారి ఒకటే తోచినప్పుడు ఆగడం మంచిదని అనుభవం. బోల్టు విప్పితే ఆ గుర్తులు చెరిగిపోతాయి. కనుక ఇద్దరు మధ్యవర్తుల్ని నిలబెట్టి, మిల్లులో చేతులు కడుక్కునే బట్టలసబ్బు ముక్క తడిపి మెత్తగా చేసి, బోల్టు తల మీద నొక్కి అచ్చు తీశాను. రెండు అచ్చులు. ఒకటి కానిస్టేబులు రుమాల్లో మూటకట్టాడు.

తర్వాత విప్పడం. కిరసనాయిలు పోసి నానబెట్టాం. గొట్టాల పానా పెడదామంటే తిప్పడానికి చోటు లేదు. ఊదుదీపంతో వేడి చేద్దామంటే పక్కనే పెట్రోలు గొట్టం, ఆవరణ నిండా ఊక. ఉలి పెట్టి కొడితే తల ఇంకాస్త గుండ్రమైంది. నా చొక్కా వంటికి అంటుకుపోయి, కాలర్లోకి చెమట కారుతూ, ఈ బండిని తయారు చేసినవాణ్ణి ఎవరైనా ఆ సందులోకి దూర్చి బిగించమంటే బాగుండునని మనసులో తిట్టుకున్నాను. మధ్యాహ్నానికి కూడా అది కదల్లేదు. భోజనానికి రమ్మని వీర్రాజుగారు పిలిచారు. వద్దన్నాను. ఆయన, ఎందుకండీ మమ్మల్ని కూడా అనుమానమా అని నవ్వారు. నవ్వింది పెదాలు మాత్రమే.

మిల్లు ఇంజను మేస్త్రీ గవర్రాజు మొదటినుంచీ పక్కనే ఉన్నాడు. మిల్లు నడిచేది పెద్ద ఆయిలింజను మీద. దాన్ని పాతికేళ్ళుగా చూస్తున్నవాడు, పెద్దమనిషి, మృదువుగా మాట్లాడతాడు. నా అవస్థ చూసి జాలి కలిగినట్టుంది. తన పెట్టె తెరిచి, అందులో ఉన్న పానాల్లోంచి ఒకదాన్ని తీసి ఇచ్చాడు.

“ఏవండీ, దీనికి ఇది పెట్టి చూడండి. ఇదే పడుతుందండి.”

పానా పుచ్చుకున్నాను. పెట్టలేదు. పెట్టెలో పాతిక పానాలున్నాయి. ఒక్కటి కూడా కొలిచి చూడకుండా, తడుముకోకుండా, కంటికే ఆనని ఆ బోల్టుకు ఏది పడుతుందో ఈయనకెలా తెలిసింది? అప్పటిదాకా నా అనుమానమంతా ఒకవైపే మేస్తోంది. అప్పుడు తల తిప్పింది.

పానాల సంగతి కొంచెం చెప్పాలి. మన దేశంలో అప్పుడు మిల్లుల్లో, పనిముట్లలో అన్నీ ఇంగ్లీషు కొలతలే. ఇంగ్లీషు పానా మీద ఉండే అంకె బోల్టు ఒంటి మందానిది. అమెరికా పానా మీది అంకె తల వెడల్పుది. రెండూ ఇంచీలే అయినా ఒకదానికొకటి సరిపడవు. అమెరికా బోల్టుకు ఇంగ్లీషు పానా పెడితే పడినట్టే ఉంటుంది, గోరుమందం వదులు. తిప్పగానే మూలల మీద జారుతుంది. అలా నాలుగైదుసార్లు జరిగితే ఆ తల ఇక ఏ పానాకూ లొంగదు. జీపు అమెరికాది, ఈ కారూ అమెరికాదే. ఏడుకొండలు కట్టలోని పానాలు దీనికి సరిగ్గా పట్టాలి.

సబ్బు అచ్చు బయటికి తీయించాను. బోల్టు తలకు అడుగున, పానా అంచు చేరని చోట, సన్నటి గీతంత మేర మూలలు అరగకుండా మిగిలాయి. అచ్చులో అవి స్పష్టంగా పడ్డాయి. కొవ్వొత్తి కరిగించి అందులో పోస్తే బోల్టు తల ఆకారమే వచ్చింది. ఏడుకొండలు కట్టలోంచి ఒక పానా దాని మీద పెట్టాను. బిగుతుగా కూర్చుంది, కదల్లేదు. ఈ పానా చేతిలో ఉన్నవాడు ఆ మూలలు అరగదీయడం అసాధ్యం. గవర్రాజు పానా పెట్టాను. అటూ ఇటూ ఊగింది. ఊగినంత మేర, అరిగినంత మేర, రెండూ ఒకటే. మధ్యవర్తుల్ని కూడా పెట్టి చూడమన్నాను. కానిస్టేబులు కూడా చూశాడు. వీర్రాజుగారు చూడనన్నారు.

ఆకురాయి తీసి బోల్టు తలకు రెండు వైపులా చదును రాయడం మొదలుపెట్టాను. ఆ సందులో ఆకురాయి అంగుళం ముందుకు, అంగుళం వెనక్కి తప్ప కదలదు. ఏడుకొండలు అడక్కుండానే అద్దం పట్టుకున్నాడు. ఎండ వాలేవేళకు రెండు చదునులు తేలాయి. అతని కట్టలోంచే చిన్న పానా పెట్టి, ఊపిరి బిగబట్టి లాగితే మూత కిర్రుమని కదిలింది.

లోపలి పొట్లం పైకి తీసి పళ్ళెంలో పెట్టాను. ముందు ముక్కుకు తగిలింది కిరసనాయిలు కంపు. తర్వాత అందరం చూసింది, గోనెగుడ్డ. పొట్లం పొట్ట పగిలితే దాని చుట్టూ గోనెగుడ్డ బిగించి, పురికొసతో కుట్టారు. దబ్బనంతో, ఎడం తప్పకుండా, బియ్యం బస్తా మూతి కుట్టే కుట్టు. రెండు కొనల దగ్గరా బస్తాకు వేసినట్టే చెవులు కూడా వదిలారు. ఇంత అందంగా కుట్టిన ఆయిలు ఫిల్టరు నా సర్వీసులో మరెక్కడా చూడలేదు. గోనె పోగుల మధ్య తవుడు కూడా ఉంది. ఇత్తడి రజను గాని ఇసక గాని లేవు.

గవర్రాజు దాచడానికి ప్రయత్నించలేదు. ఆయనకు అది తప్పని తోచనే లేదు. మిల్లు ఇంజను ఫిల్టరు ఇత్తడి వలది. కిరసనాయిల్లో కడిగి మళ్ళీ బిగిస్తారు, అలా ఏళ్ళ తరబడి వాడతారు.

“మా ఇంజనుకి ఎప్పుడూ ఇంతేనండి. ఇదేమో కడిగితే పొట్ట ఊడిపోయిందండి. పారెయ్యడం ఎందుకని గుడ్డ వేసి గట్టిగా కుట్టాను. బాబుగారు పక్కనే ఉన్నారు గదండీ,” అన్నాడు.

అందరం బాబుగారి వైపు చూశాం. వీర్రాజుగారి నోట ఒక్కొక్క ముక్కే బయటికి వచ్చింది. ఫిల్టరు మార్చాలని ఏడుకొండలు రెండుసార్లు అడిగాడట. సరుకు మద్రాసు నుంచి రావాలి. ఆ కొట్టువాడితో వీడికి లాలూచీ ఉందేమోనని ఈయనకు అనుమానం. అందుకని డ్రైవర్ని అటు పంపించి, తాళం తీసి, గవర్రాజు చేత కడిగించారు. ఒకసారి కాదు. విప్పిన ప్రతిసారీ ఇంగ్లీషు పానాతోనే.

మర్నాడు పొద్దున ఇంజను అడుగు తొట్టి దింపించాను. నూనె పంపు మూతికి ఒక జల్లెడ ఉంటుంది. దాని నిండా గోనె పీచు, పిచ్చుక గూడు పెట్టినట్టు. నూనె పైకి ఎక్కే దారి లేదు. ఇంజను చచ్చింది అందువల్ల. కాపలా లేక కాదు, కాపలా ఎక్కువై.

ఏడుకొండల్ని పక్కకు తీసుకెళ్ళి, చెయ్యి కాలడం గురించి అబద్ధమెందుకు చెప్పావని గట్టిగానే అడిగాను. నాకు ఒళ్ళు మండింది. అతని అబద్ధం వల్ల అతన్నే ముంచేసి ఉండేవాణ్ణి. అప్పటికి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

“మీటర్లో ఆయిలు ముల్లు పడిపోతంటే భయమేసి, గొలుసు సందులోంచి కొలబద్ద లాగి చూశానండి. ఆ మాటంటే చెయ్యి పెట్టానని ఒప్పుకున్నట్టే గదండీ. మీరేమో... మీ సంచి ఆయన బండిలో వచ్చిందండి. పోలీసు స్టేషను వరండాలోంచి చూశాను.”

నేను ఆ సంచి వెనకే ఎండలో నడిచానన్నాను. బండి వెనక నడిచేవాళ్ళు సామాన్యంగా ఆ బండి తాలూకు మనుషులేనండి అన్నాడు. పానాలు సీటు కింద ఎందుకు పెట్టావంటే, బయట పెడితే బాబుగారు మిల్లుకు పెట్టేసుకుంటారని అన్నాడు. ఇతనూ తక్కువవాడు కాదు. ఆ రెండు రోజులూ ఆ ఆవరణలో ఇంకొకరిని నమ్మిన మనిషి గవర్రాజు ఒక్కడే, ఇంజనును పాడుచేసిందీ ఆయనే.

అభిప్రాయం స్టేషనులోనే కూర్చుని రాసి సబిన్‌స్పెక్టరు చేతికిచ్చాను. మాడిన నూనె పోసిన జాడ లేదనీ, పనికిరాని ఫిల్టరును గోనెగుడ్డతో మరమ్మతు చేసి బిగించినందున పీచు చేరి జల్లెడ మూసుకుపోయిందనీ, ఆ పని బానెట్టు తాళం తీయకుండా జరగదనీ రాశాను. సబిన్‌స్పెక్టరు ఫిర్యాదు మూసేసి, లైసెన్సు తిరిగి ఇచ్చేశాడు. వీర్రాజుగారు అక్కడే ఉన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. సబిన్‌స్పెక్టరు బల్ల మీద చెయ్యి ఆనించి, ఏడుకొండలుతో అన్నారు.

“సరేరా, నీ తప్పేం లేదు. జరిగిందేదో జరిగింది. రేపటి నుంచి పనిలోకి వచ్చెయ్యి.”

ఏడుకొండలు లైసెన్సు జేబులో పెట్టుకున్నాడు. వస్తానండి, కానీ ఈ మాట శనివారం మిల్లులో అందరూ ఉన్నప్పుడు అనండి అన్నాడు.

“ఇప్పుడు అన్నాగదా. మళ్ళీ నలుగురిలో ఎందుకూ?”

“దొంగ అన్నప్పుడు నలుగురూ ఉన్నారండి,” అన్నాడు ఏడుకొండలు. కొంచెం ఆగాడు. ఆయన ఏమైనా అంటారేమోనని చూసినట్టున్నాడు. వీర్రాజుగారు గోడ వైపు చూశారు. అతను మాకు ముగ్గురికీ విడివిడిగా నమస్కారం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మిల్లులో అడుగుపెట్టలేదని విన్నాను.

కొన్నేళ్ళ తర్వాత లైసెన్సు రెన్యూవలు కోసం ఏలూరులో నా బల్ల ముందు వరసలో నిలబడి కనిపించాడు. జంగారెడ్డిగూడెం నుంచి పొగాకు లారీ తోలుతున్నానన్నాడు. తల నెరిసింది. ఫిర్యాదు కొట్టేశారు గదా, చెరువులో వాటా తిరిగి ఇచ్చారా అని అడిగాను. ఇవ్వలేదండి అన్నాడు. కాగితం చూపించకపోయావా అంటే, నా చేతికి కాగితం ఎవరిచ్చారండి, మీరు రాసింది పోలీసులకు గదా అన్నాడు. కోపం లేదు. రోడ్డు ఎలా ఉందంటే చెప్పినట్టు చెప్పాడు.

“ఇప్పటికీ ఊరెళితే అడుగుతుంటారండి, ఆ ఆయిలు ఎంతకు అమ్మావురా అని.”

నేను సంతకం పెట్టి లైసెన్సు ఇచ్చాను. వెనక ఇంకా జనం ఉన్నారు.

మా నిబంధనల ప్రకారం అభిప్రాయం అడిగినవారికే వెళ్తుంది. ఎవరి మీద అడిగారో వారికి వెళ్ళాలన్న నియమం లేదు. ఫిర్యాదు చేసినప్పుడు ఊరంతా వింటుంది, కొట్టేసినప్పుడు ఫైలొక్కటే వింటుంది. ఆ రోజు తర్వాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆరోపణ ఏ చోట, ఎవరి ముందు జరిగిందో కనుక్కుని, బస్టాండయినా మిల్లయినా సంతయినా, ఆ చోటికే వెళ్ళి, వాళ్ళు ఉన్న వేళ చూసి, నా అభిప్రాయం పైకి చదివి మరీ పోలీసులకు ఇచ్చేవాణ్ణి. ఇది విధుల్లో లేదని పై నుంచి రెండుసార్లు మెమో వచ్చింది. రెండుసార్లూ సంజాయిషీ రాసుకున్నాను, చదవడం మాత్రం మానలేదు.